ఆపని ఇంజన్

ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపిన వెండెల్, తన కాళ్ళతో నడిచింది మాత్రం తక్కువే. యాభై నాలుగు నిండాక డాక్టరు గట్టిగా చీవాట్లు పెడితే, రోజూ పొద్దున్నే షాపింగ్ మాల్‌లో మూడు చుట్లు తిరుగుతానని ఒప్పుకున్నాడు. కెనడాలోని రెజైనాలో, గడ్డకట్టించే జనవరి చలిలో వీధిలో నడిచేవాడెవడు? దుకాణాలు తెరవకముందే ఊళ్ళో ముసలివాళ్ళంతా మాల్‌లోనే తిరుగుతారు.

ఒక్క చుట్టుకే అతనికి ఆయాసం ముంచుకొచ్చింది. మూసి ఉన్న చెప్పుల దుకాణం ముందు బెంచీ మీద కూలబడ్డాడు. చిన్నప్పుడు ఎక్కాలు నేర్పిన టీచరు లోర్నా, ఎనభై దాటిన మనిషి, ఇందాకే అతన్ని దాటిపోయింది. ఇప్పుడు ఇంకో చుట్టు తిరిగొచ్చి ఎదురుగా ఆగింది.

"ఏరా, బయట పొగ కక్కుతున్న ఆ ఎర్ర పికప్ ట్రక్కు నీదేనా?"

"నాదేనండీ."

"ఇంజన్ ఆపలేదంటే, ఒక్క చుట్టు తిరిగి పారిపోదామనే వచ్చావన్నమాట."

దొరికిపోయాడు. "అది కాదు టీచర్. మైనస్ ముప్ఫై ఐదు డిగ్రీలు. అసలే ముసలి బండి, ఈ చలిలో ఆపేస్తే మళ్ళీ స్టార్ట్ కాదు."

"అంత తెలిసినవాడివి, నిన్ను నువ్వు ఇన్నేళ్ళు ఎలా ఆపి పెట్టావురా?"

జవాబు కోసం ఆవిడ ఆగలేదు.

వెండెల్ బెంచీ పట్టుకుని లేచాడు. మొదటి అడుగుకి మోకాలు మొరాయించింది. రెండో అడుగుకి కలుక్కుమంది. ఈసురోమంటూ బయటికెళ్ళే అద్దాల తలుపు దాకా వచ్చాడు. బయట బండి వెచ్చగా గుర్రుమంటోంది.

ముసలావిడని తిట్టుకుంటూ, ఆ తలుపు తెరవకుండా రెండో చుట్టుకి ముందుకే నడిచాడు.