మట్టి అడగని ఆకు

పువ్వులో నాలుగు వలయాలు. రక్షక పత్రావళి, ఆకర్షక పత్రావళి, కేసరావళి, అండకోశం. పొద్దున్నుంచి ఆ నాలుగింటినీ వరసగా అప్పజెప్పుకుందామని చూస్తోంది ఆమె. రక్షక పత్రావళి దగ్గర పాలు పొంగాయి. ఆకర్షక పత్రావళి దగ్గర భర్తగారి సాక్సుల్లో ఒకటి మాయమైంది, దాన్ని కనిపెట్టే కళ్ళు ఈ ఇంట్లో ఒక్కరికే ఉన్నాయి కాబట్టి వెళ్ళి వెతికిచ్చింది. కేసరాల దగ్గరికి వచ్చేసరికి తోమాల్సిన గిన్నెలు గుట్ట పడి ఉన్నాయి. తోముతూ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. అండకోశం అనబోతుండగా ముందు గదిలో స్టీలు గ్లాసు మీద చెంచా టింగు టింగుమని మోగింది.

"ఆఁ... వస్తున్నా," అంది ఆమె నోరు.

నోరే అంది. ఆమె అనుకుని అన్న మాట కాదది.

ఈ ఇంట్లో ఆడవాళ్ళని పేరుపెట్టి పిలిచే అలవాటు లేదు. గ్లాసు మీద చెంచాతో కొడతారు. మామగారి తండ్రి మొదలుపెట్టిన పద్ధతట. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ చప్పుడు విని "ఏంటండీ?" అంటూ గుమ్మంలోకి పరిగెత్తితే, అత్తగారు చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి మెల్లగా చెప్పింది. "అలా అడక్కూడదమ్మాయ్. 'ఆఁ, వస్తున్నా' అనాలి. ముందు ఆ 'ఆఁ' ఉంది చూడూ, అది కాస్త సాగాలి. ఎక్కడున్నా వినపడాలి, విసుగు మాత్రం వినపడకూడదు. మా అత్తగారు నాకు ఇలాగే నేర్పింది." చెప్పి ఊరుకోలేదు, గొంతు కుదిరేదాకా పదే పదే అనిపించింది. సంగీతం మాస్టారు కూడా అంత ఓపిక పట్టడు.

ఆ అత్తగారు పోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే మామగారి కళ్ళూ పోయాయి. పడక కుర్చీ, గ్లాసు, చెంచా మిగిలాయి.

ఆమె టీ తీసుకెళ్ళి ఆయన చేతికి అందించింది. ఆయన ఒక గుక్క తాగి, గొంతు తగ్గించి అన్నాడు. "ఏమే, ఆ కోడలు పిల్లకి చదువు పిచ్చి పట్టిందట కదా. నువ్వు కాస్త చెప్పి చూడు. నీ మాటైతే వింటుంది."

మొదట్లో "నేను మామయ్యగారూ, మీ కోడల్ని" అని సరిచేసేది. ఆయన తలూపేవాడు, మళ్ళీ పిలిచినప్పుడు మళ్ళీ అంతే. ఒకసారి మాత్రం నవ్వాడు. "అది పోయిందని నాకు తెలీదనుకున్నావా? పిలిస్తే పలుకుతోంది కదా. ఇంక పోయిందేముంది?" అన్నాడు. ఆ రోజు ఖాళీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వచ్చాక ఆమె చాలాసేపు తన గొంతు తడుముకుంటూ నిలబడింది. అక్కడ ఇంకెవరిదో చెయ్యి ఉన్నట్టు భయం వేసింది.

ఇవాళ సరిచేసే ఓపిక లేదు. "సరే, చెప్తాను," అంది. అని, ఎవరికి చెప్పాలో తెలియక అక్కడే కాసేపు ఆగిపోయింది.

స్కూలు చివరి ఏడు మధ్యలో ఆమెకి పెళ్ళి కుదిరింది. పువ్వు భాగాల బొమ్మ దాకా చదివి పుస్తకం మూసేసింది. ఆ పువ్వు కాయ ఎలా అవుతుందో తెలుసుకోకముందే తనే ఒక బిడ్డకి తల్లయింది. ఇప్పుడు కూతురు కూడా ఆ పాఠం దాకా వచ్చింది. తల్లీ కూతురూ ఒకే పుస్తకం ముందు తలలు ఆనించి కూర్చుంటున్నారు. అప్పుడు ఆగిన పరీక్ష ఈ ఏడు ప్రైవేటుగా రాసి, పాసైతే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాలని ఆమె ఆశ. "చదువుకో, వద్దన్నానా? ఇల్లు మాత్రం ఆగకూడదు," అన్నాడు భర్త. ఇంకోరోజు భోజనాల దగ్గర, "మీ అమ్మ ఈ వయసులో పువ్వులు కోసి చూస్తోంది, రేపు కప్పల్ని తెస్తుందేమో," అని కూతుర్ని నవ్వించబోయాడు. కూతురు నవ్వలేదు. అది చూసి ఆమెకి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేం.

ఆదివారాలు ప్రైవేటు విద్యార్థులకి క్లాసులు. ఆ వారం జీవశాస్త్రం మేడం తలా ఒక రణపాల ఆకు ఇచ్చింది. మందపాటి ఆకు, అంచు పొడవునా నొక్కులు.

"మట్టి వద్దు, నీళ్ళు వద్దు. పుస్తకంలో పెట్టి మర్చిపోండి. ఒక్కో నొక్కులోంచి ఒక్కో మొక్క లేస్తుంది," అంది మేడం.

"తల్లి పోలికలు వస్తాయా మేడం?" అని అడిగింది పక్కన కూర్చున్న టైలరమ్మ.

"పోలికలు రావడం విత్తనంతో పుట్టినవాటికి. రెండు వైపుల నుంచీ కలిసి కొత్త మొక్క పుడుతుంది. ఇక్కడ కొత్తదేమీ లేదు. ఆ తల్లి మొక్కే మళ్ళీ లేస్తుంది. దీనికి ఆడా మగా అక్కర్లేదు. ముక్క పడి ఉంటే చాలు."

"మరి మొగుళ్ళతో పనేముంది మేడం," అంది టైలరమ్మ. క్లాసంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో మాత్రం ఆ నవ్వు ఎందుకో నిలవలేదు. తను పెళ్ళికి ముందు చదివి ఆపేసిన పాత పుస్తకం వంటింటి అలమర పైన ఉంటే, ఆకుని అందులో పెట్టి, పుస్తకాన్ని మళ్ళీ పైకి నెట్టేసింది.

తర్వాతి ఆదివారం క్లాసు నుంచి వచ్చి గుమ్మం బయట చెప్పులు విడుస్తోంది. లోపల చెంచా మోగింది. అలవాటుగా నోరు తెరిచింది.

తను పలకకముందే లోపలినుంచి సమాధానం వచ్చింది. "ఆఁ... వస్తున్నా."

ఆమె గొంతే. ఆ సాగదీత, చివర్లో ఆ తగ్గింపు, అన్నీ ఆమెవే. తను ఇక్కడ చెప్పు చేత్తో పట్టుకుని నిలబడి ఉండగా, తను లోపల వంటింట్లోంచి ముందు గదిలోకి నడుస్తున్న అడుగుల చప్పుడు వినిపించింది. ముందు అత్తగారనుకుంది. తర్వాత, తనే ఇంట్లో ఉండిపోయి ఈ క్లాసు సంగతంతా ఊహించుకుందేమోననుకుంది. తలుపు తోయడానికి చెయ్యి రాలేదు. తోస్తే తను ఎదురుపడుతుందని భయం.

తోసింది. పడక కుర్చీ పక్కన కూతురు నిలబడి ఉంది. నడుము కాస్త వంచి, గ్లాసు కింద ఎడం చెయ్యి ఆనించి తాతకి టీ అందిస్తోంది. వంగే పద్ధతి కూడా అదే.

"ఇవాళ టీ బాగా కుదిరిందే," అన్నాడు మామగారు, తన భార్యతో.

సోఫాలో ఫోను చూసుకుంటున్న భర్త తలెత్తాడు. ముఖం వెలిగిపోతోంది. "విన్నావా? అచ్చం నువ్వే. నువ్విక నిశ్చింతగా చదువుకోవచ్చు. నువ్వు ఇంట్లో ఉన్నా లేకపోయినా తేడానే తెలియట్లేదు." మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం.

ఆమె కూతుర్ని వంటింట్లోకి తీసుకెళ్ళింది. చెయ్యి పట్టుకున్నాక గుర్తొచ్చింది, అత్తగారు కూడా తనని ఇలాగే ఇక్కడికే తీసుకొచ్చిందని. వదిలేసింది.

"అలా అనమని నీకెవరు చెప్పారు?"

"ఎలా అన్నాను?"

"తాతయ్య పిలిస్తే."

కూతురు ఆలోచించింది. "నేనేమన్నా అన్నానా? గ్లాసు చప్పుడైతే టీ తీసుకెళ్ళానంతే."

"ఇవాళ నీకు స్కూల్లో స్పెషల్ క్లాసు కదా?"

"నాన్న వెళ్ళొద్దన్నాడు. నువ్వు లేవు కదమ్మా, తాతయ్యని చూసుకోవాలి కదా అన్నాడు. నీ పరీక్ష రోజు కూడా నన్నే ఉండమన్నాడు." ఆ పిల్ల గొంతులో కోపం లేదు. విసుగు లేదు. ఆమెని నిజంగా భయపెట్టింది అదే.

కూతురు వెళ్ళాక ఆమె స్టూలెక్కి అలమర పైనుంచి పాత పుస్తకం దించింది. మూసి ఉన్న అట్టల మధ్య ఎత్తుగా ఏదో ఉబ్బి ఉంది. తెరిచింది. నీళ్ళు లేవు, వెలుతురు లేదు, ఆకు నొక్కుల్లోంచి పాలిపోయిన చిన్న చిన్న మొక్కలు వరసగా లేచి ఉన్నాయి. ప్రతిదీ పక్కదానిలాగే ఉంది. దారప్పోగుల్లాంటి వేళ్ళు కాగితాన్ని కరిచి పట్టుకున్నాయి. లాగితే పువ్వు బొమ్మలో అండకోశం ఉన్న ముక్క చిరిగి వాటితోపాటు వచ్చేసింది. ఆమెకి ఏడుపొచ్చింది. పుస్తకం గురించి కాదు. తన చదువుకి కూతురి చదువుని ఎరువు వేసే ఏర్పాటు తన కళ్ళెదుటే జరిగిపోతోందని.

ప్రాక్టికల్ పరీక్ష రోజు పొద్దున్నే లేచి వంట చేసింది. టీ ఫ్లాస్కులో పోసి ముందు గదిలో బల్ల మీద పెట్టింది. కూతుర్ని లేపి తయారు చేసింది. భర్త పేపరు పక్కన పెట్టి చూశాడు.

"దాన్నెక్కడికి?"

"స్కూల్లో దింపి నేను పరీక్షకి వెళ్తాను."

"మరి నాన్న పిలిస్తే?"

"పిలుస్తారు," అంది ఆమె. "మీరున్నారుగా."

"నాకు అవన్నీ అలవాటు లేవు."

ఆమె కూతురి స్కూలు సంచి అందుకుంది. ఇద్దరూ వాకిట్లోకి వచ్చారు. గేటు గడియ తీస్తుండగా లోపల చెంచా మోగింది. ఇద్దరి నోళ్ళూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఆమె కూతురి నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది, రెండో చెయ్యి తన నోటికి. కూతురి ఊపిరి అరచేతికి వెచ్చగా తగులుతోంది. చెంచా మళ్ళీ మోగింది. ఇంకాస్త గట్టిగా మోగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండగా ఆమె ఎప్పుడూ వినలేదు. గోడల వెనక ఎవరో వెతుక్కుంటున్నట్టే ఉంది.

అప్పుడు లోపలినుంచి వచ్చింది.

"ఆఁ... వస్తున్నా."

మగ గొంతు. ఆ సాగదీత మాత్రం సరిగ్గా అత్తగారిదే, చివర్లో ఆ తగ్గింపుతో సహా. ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు. "ఏమే, ఇంత ఆలస్యమా?" అని మామగారి గొంతు గొణిగింది.

కూతురు ఆమె చేతిని నోటి మీదనుంచి తీసి, గుసగుసగా అడిగింది. "నాన్నకెవరు నేర్పారమ్మా?"

"ఎవరూ నేర్పక్కర్లేదు," అంది ఆమె. గేటు వేసి, బయటి వైపు నుంచి గడియ పెట్టింది. "పద, బస్సు వస్తుంది. దారిలో నాకు ఆ నాలుగు వలయాలూ అప్పజెప్పు. అండకోశం దగ్గర్నుంచి మొదలుపెట్టు."