ఈశాన్యం వాలు

మా ఆయన నరసింహయ్యది ప్రొద్దుటూరులో బట్టలంగడి. చీర అంచు రెండు వేళ్ళతో నలిపి చూసి, ఇది ఎన్ని ఉతుకులు ఆగుతుందో చెప్పగలడు. అలాంటి మనిషి ఇల్లు కట్టే వేళకు మాత్రం తన కళ్ళు రెండూ తీసుకెళ్ళి జమ్మలమడుగు సిద్ధాంతి చేతిలో పెట్టాడు.

ఇన్నేళ్ళూ మేము ఉన్నది అంగడి మీది ఇంట్లోనే. మా మామగారు కట్టించింది. కింద నాపబండలు, పైన పాత మిద్దె. ఆ బండల మీద బిందెడు నీళ్ళు పోస్తే తిన్నగా తూములోకి పోతాయి, దారి ఎవరినీ అడగవు. కానీ మా ఆయనకు బండల ఇల్లంటే నామోషీ. తోటి వ్యాపారస్తులందరూ టైల్స్ మీద తిరుగుతుంటే తనొక్కడే బండల మీద మిగిలిపోయాడని బాధ. అందుకే ఊరి చివర స్థలం కొని ముగ్గు పోయించాడు.

సిద్ధాంతి గారు మొదటి రోజే రెండు మాటలు చెప్పారు. ఇంట్లో పడిన ప్రతి నీటిచుక్కా ఈశాన్యానికే పారాలి. దేవుడి గది కూడా ఈశాన్యంలోనే ఉండాలి. విడివిడిగా చూస్తే రెండూ మంచి మాటలే. మరి నీళ్ళన్నీ దేవుడి దగ్గరికే కదా పోయేదని నేనడిగితే, ఆడవాళ్ళు శాస్త్రంలో తల దూర్చకూడదన్నారు. మా ఆయన నా వైపు చూసిన చూపు కూడా అదే అంది.

మేస్త్రి రహమతుల్లా ఏళ్ళ తరబడి కువైటులో పనిచేసి వచ్చినవాడు. మాట నెమ్మది, పని ఇంకా నెమ్మది. ఏది అడిగినా కువైటులో ఇట్లే కడతారంటాడు. సిద్ధాంతి చెప్పిన వాలు హాలుకు పెట్టాడు, వంటింటికి పెట్టాడు, చివరికి స్నానాలగదికీ పెట్టాడు. వీధి వాకిలీ, వీధి కాలువా ఏమో పడమట ఉన్నాయి. అందుకని స్నానాలగది తూము పడమటి గోడకు పెట్టి, నేల వాలు మాత్రం తూర్పున ఉన్న ఆ గది తలుపు వైపుకు తిప్పాడు. ఆ తూములో ఈనాటి వరకు ఒక్క చుక్క పడలేదు. అంగట్లో కొన్నప్పటి మెరుపు అలాగే ఉంది.

మెట్లు బేసిగా ఉండాలన్నారు. కట్టడం అయ్యాక లెక్కపెడితే సరిగా వచ్చాయి. ఆ ఇంట్లో సరిగా వచ్చింది అదొక్కటే, దాన్నీ ఉండనివ్వలేదు. పైన ఒక అరమెట్టు అతికించారు. పులివెందుల నుంచి వచ్చిన మా ఆడబిడ్డ నిర్మలమ్మ ఆ అరమెట్టుకు తట్టుకుని పడింది. మోకాలు రుద్దుకుంటూ, ఇల్లు శానా బాగుందని తమ్ముణ్ణి మెచ్చుకుంది.

గృహప్రవేశం నాడు ముందుగా ఆవును తోలారు. నున్నటి టైల్స్ మీద దాని కాళ్ళు జారుతుంటే నలుగురు పట్టుకుని లోపలికి నెట్టారు. పాపం, అది హాలు నడుమ నిలబడి, భయానికో ఏమో, మూత్రం పోసింది. అందరూ శుభం, శుభం అన్నారు. ఆ శుభం అక్కడ ఆగలేదు. సన్నగా పారుతూ, సోఫాను చుట్టుకుని, దేవుడి గదిలోకి దూరింది. చూపుకు నున్నగా ఉంటుందని ఆ గదికి గడప కూడా పెట్టలేదు మరి. తిన్నగా అమ్మవారి పీట కింద చేరింది. వాలు ఎంత చక్కగా కుదిరిందో చూశారా అని సిద్ధాంతి గారు చేతులు జోడించారు. మా ఆయనకు కళ్ళు చెమర్చాయి. నాకు మాత్రం రేపటి నుంచి అదే దారిన ఏమేం వస్తాయో అప్పుడే కనపడింది.

అనుకున్నట్టే వచ్చాయి. మర్నాడు మా ఆయన తలంటుకున్న నీళ్ళు సబ్బు నురగతో సహా దేవుడి గదికి చేరాయి. ముగ్గు కొట్టుకుపోయింది, కింద పెట్టిన వత్తులు తడిసిపోయాయి. అప్పటి నుంచి రోజూ అంతే. ముందు గోనెపట్టాతో తుడవడం, తరువాత దండం పెట్టడం. నా మొగుడి మురికినీళ్ళలో కూర్చుని అమ్మవారికి కుంకుమ పెట్టాల్సిన గతి పట్టిందే అని ఏడుపొచ్చింది. ఆయనతో చెబితే, ఆవు పోసినప్పుడు శుభమని నువ్వు కూడా అన్నావు కదా అన్నాడు.

పాత ఇల్లు సెల్‌ఫోన్ల అంగడి ఇక్బాల్‌కు బాడుగకు ఇస్తానని ఆయన అప్పటికే మాటిచ్చేశాడు. దాని తాళంచెవి మాత్రం నా బొడ్లో ఉంది. అది చేయి దాటిందంటే నాకు ఈ ఇంటి నుంచి ఇక విడుదల లేదు. ఆయన రోజూ అడుగుతాడు, నేను రోజూ రేపంటాను. ఈ ఒకటో తేదీ దాటనిచ్చేది లేదని చివరికి గట్టిగానే చెప్పాడు.

అంతలో తుఫాను వాన పట్టుకుంది. కొత్త ఇంటి మిద్దె మీద నీళ్ళు నిలిచి, వంటింటి కప్పు ఉబ్బి, పెచ్చులు ఊడి ఉడుకుతున్న పప్పులో పడ్డాయి. రహమతుల్లాను పిలిపించి, గదులన్నిటికీ వాలు పెట్టినవాడివి మిద్దెకు ఎందుకు పెట్టలేదని నిలదీశాను. సిద్ధాంతి ఇంట్లో అన్నాడే కానీ మిద్దె మీద అనలేదన్నాడు. పైగా కువైటులో మిద్దెలకు వాలు ఉండదట.

"ఆడ వాన రాదు కదప్పా" అన్నాను.

"ఈడ మాత్రం యాడ వస్తాండాదమ్మా?"

కరువు ఎరిగిన కడపజిల్లా మనిషిని కాబట్టి ఆ మాట ఒప్పేసుకుని పప్పు పారబోసుకున్నాను.

మా ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కొత్త ఇల్లు నాలుగు వానలు తాగితేనే గట్టిపడుతుందన్నాడు. ఆ మనిషిని కదిలించింది చివరికి బీరువా. వాన వెలిశాక దాన్ని పాత ఇంటి నుంచి తెచ్చి, సిద్ధాంతి చెప్పినట్టే నైరుతి మూల ఉత్తరముఖంగా పెట్టించాడు. మర్నాడు పొద్దున తాళం తీయగానే తలుపు తనంతట తానే బార్లా తెరుచుకుంది. మూసి చెయ్యి తీస్తే మళ్ళీ తెరుచుకుంది. నేల వాలితే బీరువా వాలదా, బీరువా వాలితే తలుపు ఆగుతుందా? ఆయనకు అది తోచలేదు. ముఖం పాలిపోయింది.

"లచ్చిమి బయటికి చూస్తాండాదే" అన్నాడు.

అమ్మవారి పీట కింద సబ్బునీళ్ళు పారినా చలించని భక్తుడు ఆ పూటే జమ్మలమడుగుకు కారు పంపాడు.

సిద్ధాంతి గారు పంచె పైకెత్తి పట్టుకుని ఇల్లంతా తిరిగారు. బీరువా తలుపును తానూ రెండుసార్లు మూసి చూశారు. దోషమేమీ లేదు, ఈ ఇంటికి బలం ఎక్కువైంది, లక్ష్మి వచ్చే వేగానికి తలుపు తెరుచుకుంటోంది అన్నారు. అంటుండగానే పైనుంచి చిన్న పెచ్చు ఆయన భుజం మీద పడింది. మా ఆయన దాన్ని భక్తిగా దులిపాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్చీలో కూర్చున్న సిద్ధాంతి గారి ముందు కాఫీ గ్లాసు పెట్టి, చేతులు కట్టుకుని వినయంగానే చెప్పాను.

"అయ్యా, ఇంత బలం మాలాంటోళ్ళం తట్టుకోలేము. మీరే వచ్చి ఉండండి. బాడుగ కూడా వద్దు."

మా ఆయన అరుస్తాడనుకున్నాను. ఆ మహానుభావుడు నా మాటను నిజమే అనుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"అవును స్వామీ, మీ కాలు పడితే సాలు. ఒక్క నెల ఉండండి. మీ సామాన్లు నేనే తెప్పిస్తా."

సిద్ధాంతి గారు ఇంటి పైకప్పు కేసి చూశారు. స్నానాలగదిలో కారు డ్రైవరు కొళాయి తిప్పినట్టున్నాడు, నీళ్ళు అప్పుడే ఆయన కాళ్ళ కిందికి వచ్చాయి. కాళ్ళు రెండూ కుర్చీ మీదికి తీసుకున్నారు.

"పడమటి వాకిలి నా నామనక్షత్రానికి అచ్చిరాదు నాయనా" అన్నారు.

కాఫీ తాగకుండానే లేచి, గోడవార తడిలేని చోటు చూసుకుంటూ కారు దాకా పోయారు. మా ఆయన ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. బట్ట తెలిసిన మనిషి కదా, అమ్మేవాడు తన ఇంటికి వద్దన్న చీర ఎలాంటిదో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. తరువాత నా ముఖం చూడకుండా, ఇక్బాల్‌కు ఏం చెప్పాల అన్నాడు.

"ఆ వాకిలి మీ నామనక్షత్రానికి అచ్చిరాలేదని చెప్పండి."

నవ్విన నాపచేనే పండుతుందంటారు. మర్నాడే పీట, దీపం నేను పట్టుకుని, బీరువా ఆటోకెత్తించి బండల ఇంటికి వచ్చేశాము. బీరువా తలుపు ఎక్కడ వదిలితే అక్కడ నిలబడింది. దేవుడి మూల కడగడానికి నేను బిందెడు నీళ్ళు పోశాను. అవి తమ పాటికి తాము తూముకు పోతుంటే మా ఆయన తల తిప్పి అటూ ఇటూ చూసి దిక్కులు లెక్కేసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ చూడని లెక్క అది.

"ఇవి నైరుతికి పోతాండాయే" అన్నాడు, గొంతు తగ్గించి.

"మీ నాయన కాలం నుంచీ అటే పోతాండాయి" అన్నాను. "ఆ బీరువా నిండిందీ ఈ ఇంట్లోనే."

ఇంకో బిందె ఆయనే తెచ్చి పోశాడు.