ఏడు బకెట్ల నీళ్లు

"ఆ ఏడు బకెట్లూ ఏడు వేరువేరు ఇళ్లనుకో," అన్నాడు భర్త, ముద్ద నోట్లో పెట్టుకోబోతూ. "ఒక ఇంటి చెంబు ఇంకో ఇంట్లోకి పోకూడదు. వెనకటికి మా దగ్గర ఒకతను పనిచేసేవాడు. మూడేళ్లు మాట పడకుండా చేశాడు. ఒక్కరోజు తొందరలో రెండు నంబర్ల బిళ్లలు ఒకే బకెట్లో పడేశాడు. సాయంత్రానికల్లా నాన్న అతని చొక్కా తెచ్చి చేతికిచ్చి పంపించేశాడు."

వడ్డిస్తున్న ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"కడిగితే పోదా?" అని అడిగింది, చాలా మామూలుగా. అంత మామూలుగా అడగడానికి ఎంత కష్టపడిందో చేతిలోని గరిటెకు తెలుసు.

"కడగడమా? కలిపి కడిగితేనే అసలు కొంప మునిగేది. ముతక బిళ్ల నుంచి రాలిన రేణువు నునుపు బిళ్లలో దూరిందంటే మళ్లీ బయటికి రాదు. బ్రష్షు పెట్టి రుద్దావనుకో, ఇంకా లోపలికి పోయి కూర్చుంటుంది."

ఆమె బ్రష్షు పెట్టే రుద్దింది.

నిన్న షెడ్డుకు సెలవు. తండ్రీకొడుకులు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది, చెయ్యడానికి పనిలేని రెండు చేతులతో. పెళ్లై తొమ్మిదేళ్లయినా ఇంటి వెనకున్న ఆ రేకుల షెడ్డులో తన చెయ్యి పడలేదన్న బాధ ఆమెకు చాలాకాలంగా ఉంది. లోపలికి వెళ్లి చూస్తే గోడవారగా ఏడు బకెట్లు, ఏడింటిలోనూ బూడిదరంగు బురదనీళ్లు, ఒక్కోదాంట్లో మునిగి అరచేతి వెడల్పున ఒక్కో గుండ్రటి బిళ్ల. రాయి పాలిష్ పట్టే బిళ్లలవి. వెనకాల యాభై నుంచి మూడువేల దాకా నంబర్లు వేసుంటాయి. నంబరు చిన్నదైతే బిళ్ల ముతక, పెద్దదైతే నునుపు. అంతవరకు ఆమెకు తెలుసు. బకెట్లు ఏడు ఎందుకో మాత్రం ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మగవాళ్లకు ఒక గిన్నె సరిపోయేచోట ఏడు గిన్నెలు మురికి చెయ్యడం అలవాటే కదా అనుకుంది. ఏడు బకెట్లూ పారబోసి, బిళ్లలన్నీ ఒకే తొట్టిలో నానబెట్టి, సబ్బుపొడి వేసి, నడుం వంచి తోమింది. క్లిప్పులు పెట్టి ఆరేసింది. మంచినీళ్లు పట్టి, నంబరు ప్రకారం ఎవరి బకెట్లో వాళ్లను దించింది. రాత్రి పడుకోబోయే ముందు, తండ్రీకొడుకులు గమనించి మెచ్చుకుంటారేమోనని చూసింది కూడా. ఎవరూ గమనించలేదు. కాస్త కోపం వచ్చింది.

ఇప్పుడు ఆ సంగతి తలుచుకుంటే, గమనించనందుకు దేవుడికి దండం పెట్టాలో, గమనించి ఉంటే బాగుండేదని ఏడవాలో తెలియలేదు.

ఎందుకంటే డాక్టరు నిన్న పెద్దాయన కంటి గురించి చెప్పాల్సింది చెప్పేశాడు. రెండు కళ్లకూ మధ్యలో మసక. ఆపరేషన్‌తో పోయేది కాదు, ఇంకా పెరుగుతుంది. ఇంటికొచ్చాక పెద్దాయనే అన్నాడు: "లైబ్రరీ వాళ్ల బల్లరాయి నేనే చేస్తాను. ఒక్క గీత పడినా మిషను నీకు అప్పగించి పక్కన కూర్చుంటాను. మళ్లీ ముట్టుకుంటే అడుగు." ఎవరూ అడక్కుండానే పందెం కాసుకున్నాడు. నలభై రెండేళ్లు రాళ్లతో కాపురం చేసిన మనిషి.

ఆ రాయి ఇప్పుడు షెడ్డులో మిషను కింద ఉంది. చుక్క మచ్చ లేని నల్లరాయి, ఆరుగురు చుట్టూ కూర్చునేంత వెడల్పు. అంచు చుట్టూ పూర్వం ఎవరో చేత్తో చెక్కిన నూలుపోగంత గాడి ఉంది. ఇప్పటికే రెండుసార్లు పాలిష్ పట్టడంతో ఆ గాడి లోతు తగ్గిపోయింది. అందుకని ఈసారి ముతక నంబర్ల జోలికి పోకుండా రెండువందల నంబరు నుంచే మొదలుపెట్టాడు. సాయంత్రం అయిదింటికి లైబ్రరీ వాళ్లు బండి తీసుకుని వస్తారు.

"నాన్న తినడానికి రాడు, రాయి అయ్యేదాకా," అంటూ భర్త చేతులు కడుక్కున్నాడు. "నేనొక ఇంటి కొలతలు తీసుకుని నాలుగున్నరకల్లా వస్తాను. ఏంటలా ఉన్నావు? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఉక్కగా ఉంది."

"ఫ్యాను వేసుకో మరి," అని సలహా ఇచ్చి వెళ్లిపోయాడు.

షెడ్డులో మిషను మోగుతోంది. ఇంట్లో అందరూ దాన్ని ఏనుగు అంటారు. స్తంభానికి బిగించిన పొడవాటి ఇనుప చెయ్యి, దాని చివర గిర్రున తిరిగే తల, ఆ తలకింద బిళ్ల, మధ్యలోంచి రాయి మీదికి జారే నీళ్లు. పెద్దాయన రెండు చేతులా పిడి పట్టుకుని, ఆ తొండాన్ని రాయి అంతటా తిప్పుతాడు. వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఆమె ఆ మోత వింటోంది. రెండువందల దగ్గర గరగర అంటుంది. నాలుగువందల దగ్గర ఆ గరగర కాస్త మెత్తబడుతుంది. ఇప్పుడు మెత్తబడింది. తర్వాత ఎనిమిది వందలు. రాయి మీద మెరుపు ఎక్కడం అక్కడే మొదలు, గీతలు బయటపడేదీ అక్కడే.

టీ పెట్టింది. టీ పెడితే ధైర్యం వస్తుందని కాదు, చేతిలో గ్లాసు లేకుండా షెడ్డులోకి ఎలా వెళ్లాలో తెలియక.

పెద్దాయన చెవులకు పెద్ద మూతలు పెట్టుకుని, నీళ్లలో నానిన చెప్పులతో, రాయి మీదికి వంగి ఉన్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది. ఊపిరి పీల్చుకుంది. చెప్పేసింది. బకెట్లు, తొట్టి, సబ్బుపొడి, బ్రష్షు, క్లిప్పులు, ఏదీ దాచకుండా, గొంతు పెంచి, ఒక్క గుక్కలో. పెద్దాయన ఆమెను చూసి చిరునవ్వు నవ్వాడు. తల ఊపాడు. మళ్లీ ఊపాడు. ఇంత మంచి మామగారు ఎవరికి దొరుకుతారని ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడాయన స్విచ్చు ఆపి, చెవి మూతలు తీశాడు.

"ఏంటమ్మాయ్? ఏదో అంటున్నావు. పెదాలు కదులుతున్నాయి."

"మీరు... తల ఊపారు కదండీ."

"మిషను నడుస్తుంటే ఎవరేం చెప్పినా తల ఊపడం నాకు అలవాటు. మీ నాన్న సంబంధం మాట్లాడడానికి వచ్చినప్పుడు కూడా మిషను నడుస్తూనే ఉంది." గ్లాసు అందుకున్నాడు. "ఇంతకీ ఏంటి?"

ఆ ధైర్యమంతా మోతలో కొట్టుకుపోయింది. రెండోసారికి మిగల్లేదు.

"ఏం లేదు మామయ్యగారూ. కొత్త బిళ్లల సెట్టు బీరువాలో ఉంది కదా. ఇంత పెద్ద రాయికి కొత్తవి వేస్తే బాగుంటుందేమోనని..."

"కొత్త బిళ్ల కొత్త అల్లుడిలాంటిది. ఊరికే బిగుసుకుంటుంది, రాయి మాట వినదు. ఇవి నా చేతికి అలవాటైన బిళ్లలు." ఆయన ఎనిమిది వందల నంబరు బకెట్లో చెయ్యి పెట్టి బిళ్ల బయటికి తీశాడు. వేళ్లతో తడిమాడు. ఒక్క క్షణం ఆగాడు. "నీళ్లు తేటగా ఉన్నాయే," అన్నాడు తనలో తను. "వాడు మార్చి ఉంటాడు." బిళ్ల బిగించాడు.

ఆమె ఖాళీ గ్లాసు పట్టుకుని ఇంట్లోకి వచ్చేసింది. వచ్చాక గ్లాసును మూడుసార్లు కడిగింది. తను కడగకుండా ఉండగలిగే వస్తువు ఈ లోకంలో ఒక్కటీ లేదా అని తనమీద తనకే అసహ్యం వేసింది.

మూడింటికి మోత ఆగింది.

"అమ్మాయ్, ఒకసారి ఇటు రా," అని పిలిచాడు పెద్దాయన. పిలుపులో ఏదో తేడా ఉంది. అరవలేదు. వీధిలోకి వినబడకూడదన్నట్టు పిలిచాడు.

రాయి మీద నీళ్లు రబ్బరు పట్టీతో లాగేసి, పాతగుడ్డతో తుడిచాడు. పైనున్న ట్యూబ్‌లైటు నల్లటి రాయిలో తెల్లటి కర్రలా పడుకుని ఉంది. ఆయన తల అటూ ఇటూ తిప్పి, పక్కచూపుతో చూస్తున్నాడు.

"తలుపు దగ్గరికి వెయ్యి. వాడొచ్చేలోపల ఒక సాయం చెయ్యాలి." గొంతు తగ్గించాడు. "అంచులు నాకు కనబడుతున్నాయి. ఎటు చూస్తే అటు మధ్యలో పొగ. చేతికి మాత్రం నున్నగానే ఉంది. నువ్వు చూసి చెప్పు. ఏమన్నా ఉందా?"

ఆమె కళ్లద్దాలు సర్దుకుని వంగింది. మొదట తన జడలోంచి వెంట్రుక రాలిందనుకుంది. గోటితో తియ్యబోయింది. రాలేదు. అలాంటిదే ఇంకొకటి. మెలికలు తిరుగుతూ ఇంకొకటి. వెలుతురు పడేవైపు చూస్తే తొమ్మిది.

ఆయన ఆమె ముఖాన్ని చూడ్డానికి ప్రయత్నించాడు. ముఖం మధ్యలోనూ పొగే ఉండి ఉంటుంది.

"ఉన్నాయా?"

ఆమె కొంగుతో ఆ చోటును మళ్లీ మళ్లీ తుడిచింది.

"ఉన్నాయన్నమాట." ఆయన గుడ్డను నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టాడు. "బిళ్ల ఒక పక్కకు ఎత్తి పట్టానేమో ఎక్కడో. చెయ్యి కూడా పోయిందన్నమాట. సరే, వాడు రాగానే నేనే చెప్పేస్తాను."

"మీ చెయ్యి కాదు మామయ్యగారూ. నా చెయ్యి."

ఈసారి మోత లేదు. ఒక్కో మాటా స్పష్టంగా వినబడింది, ఆమెకు కూడా.

పెద్దాయన మిషను తలకింది బిళ్ల విప్పి, వేలితో తడిమాడు. కప్పు రేకు ఎండకు చిటపటమంటోంది.

"బ్రష్షుతో రుద్దావా?"

"రుద్దాను."

"సబ్బుతోనా?"

"బట్టల సబ్బుపొడి వేశాను."

"ఎక్కడ ఆరేశావు? ఎండలోనా?"

"నీడలోనే. క్లిప్పులు పెట్టి."

"అదొక్కటి మంచిపని చేశావు," అన్నాడాయన.

ఆమె ఏడవబోయి ఆగింది. "నాకు ఇవ్వడానికి చొక్కా లేదు మామయ్యగారూ."

"వాడు చెప్పాడా అతని సంగతి? మళ్లీ అయినా పంపించేస్తాను అతన్ని. నిన్ను పంపిస్తే వంటెవరు చేస్తారు?" కోపమే. గొంతు గరుకుగానే ఉంది. కానీ మడతపెట్టిన గుడ్డ విప్పేశాడు. "పో, కొత్త సెట్టు తీసుకురా. పరుగెత్తు."

మళ్లీ రెండువందల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. మళ్లీ అంటే రాయి ఇంకాస్త అరగాలి, రాయితోపాటు అంచు గాడి కూడా. అది ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పగలిగింది ఆయన వేలొక్కటే. ప్రతి రెండు నిమిషాలకూ మిషను ఆపి, గాడిలో చూపుడువేలి గోరు పెట్టి చుట్టూ నడిపించేవాడు. ఆమె నీళ్లు లాగి, వంగి చూసేది. "ఎడమపక్క రెండు ఉన్నాయి." "నా ఎడమా, నీ ఎడమా?" "మీ ఎడమ." "ఇప్పుడు?" "ఒకటి పోయింది. ఒకటి సగం." తొమ్మిది గీతలు ఎనిమిదయ్యాయి, అయిదయ్యాయి, రెండయ్యాయి. చివరి గీత అంచుకు మరీ దగ్గరగా ఉంది. దానిమీద ఆయన తొండాన్ని ఆనీ ఆనకుండా నడిపిస్తుంటే, ఆమె మెడలోని గొలుసు కొరుకుతూ నిలబడింది. ఆ అలవాటు మానమని భర్త తొమ్మిదేళ్లుగా చెబుతున్నాడు.

"పోయింది," అంది.

ఆయన గోరు గాడిలో నడిచి, అక్కడికి వచ్చేసరికి జారి బయటికొచ్చింది. బొటనవేలంత మేర గాడి చదునైపోయింది. ఆయన నాలుగువందల బిళ్ల అందుకున్నాడు.

భర్త వచ్చేసరికి నాలుగున్నర దాటింది, మూడువేల బిళ్ల పని అప్పుడే అయింది. నేరుగా రాయి దగ్గరికి వెళ్లి, ఫోను లైటు వేసి, ఏటవాలుగా పట్టుకుని ఒక చివర నుంచి ఇంకో చివరకు చూశాడు. మధ్యలో ఏమీ దొరకలేదు. అంచు దగ్గర ఆగిపోయాడు.

"నాన్నా, ఇక్కడ గాడి..."

"అది నావల్ల," అంది ఆమె. భర్త వెనక్కి తిరిగాడు. మొత్తం చెప్పింది. మూడోసారి కాబట్టి బాగానే చెప్పింది.

"మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కడిగితే పోదా అని అడిగావు," అన్నాడతను నెమ్మదిగా. "అప్పుడే చెప్పి ఉంటే ఎనిమిది వందల దాకా వెళ్లకుండా ఆపేవాళ్లం కదా! ఇంత చదువుకున్నావు, నంబర్లెందుకు వేస్తారో ఆ మాత్రం..."

"చాల్లేరా," అన్నాడు పెద్దాయన. "దాని మాట అయింది. ఇప్పుడు నా మాట విను. గీతలు వేసింది అది. తొమ్మిది. నాకు ఒక్కటి కూడా కనబడలేదు. అది చూసి చెప్పకపోతే, బ్రహ్మాండంగా ఉందని బండి ఎక్కించేవాణ్ణి."

భర్త ఫోను లైటు ఆర్పాడు. ఆర్పి దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

లైబ్రరీ గుమాస్తా ఇద్దరు మనుషులతో వచ్చాడు. అతను రాయి మీదికి వంగి, అందులో తన ముఖం చూసుకుని, తల దువ్వుకుని, "అద్దంలా ఉందండీ," అన్నాడు. గాడి వైపు చూడనైనా చూడలేదు. పెద్దాయనే అతని వేలు పట్టుకుని అక్కడ పెట్టించాడు. "ఇక్కడ కాస్త అరిగింది. గోడవైపు ఉండేలా వేసుకోండి." గుమాస్తాకు ఎంత అర్థమైందో గానీ, తలైతే ఊపాడు. బండి వెళ్లిపోయింది.

షెడ్డులో ఏనుగు కింద ఖాళీగా ఉంది. పెద్దాయన తన చెవి మూతలు పిడికి తగిలించాడు. "పందెం నేనే వేశాను కాబట్టి..." అన్నాడు.

భర్త ఆ చెవి మూతల వైపు చూశాడు గానీ తీసుకోలేదు. "రేపొచ్చేది తెల్లరాయి," అన్నాడు. "తెల్లరాయి మీద గీత నాకే సరిగ్గా కనబడదు. చెయ్యి నీది కావాలి. కళ్లు మాత్రం..."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమెకు తన కళ్లద్దాలు మార్చి ఎన్నాళ్లయిందో లెక్క తెగలేదు.

"పదకొండు దాటాక అయితే వస్తాను," అంది. "వంట అవ్వాలి కదా."

"పదింటికి," అన్నాడు పెద్దాయన. "తెల్లరాయికి టైము పడుతుంది."

"పదిన్నర."

ఆయన తల ఊపాడు. మిషను ఆపే ఉంది.