చువ్వల్లో క్లెమ్ డూడాష్

ఆదివారం చర్చి నుంచి రాగానే వెర్నా కోస్టెల్నిక్ రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. తడి పూర్తిగా ఆరేదాకా వంటింట్లో చేతులు చాపుకుని నిలబడుతుంది. ఆ తర్వాతే అన్నయ్య రూడీ బేస్‌బాల్ కార్డుల ఆల్బమ్ తీస్తుంది. డెబ్బై మూడేళ్ల మనిషి. మోకాళ్లు సరిగ్గా వంగవు గానీ ఈ తంతు మాత్రం ఒక్క వారం తప్పదు.

అందులో సగం కార్డులు రూడీ దాచినవి, సగం నలభై ఏళ్లు ఊరూరా తిరిగి వెర్నా కొన్నవి. 1958లో అచ్చయిన ఆటగాళ్ల బొమ్మల సెట్టు మొత్తం, ఒక్కటి తక్కువ లేకుండా. మా ఊళ్లో కొడుకులు పెద్దవాళ్లై ఇల్లు వదిలితే తల్లులు చేసే మొదటి పని వాళ్ల కార్డుల పెట్టె పారెయ్యడం. ఇప్పుడు పాత కార్డులకు పలికే ధర చూస్తే, ఎంత సొమ్ము అలా చెత్తబండి ఎక్కిందో! కోస్టెల్నిక్ వాళ్లింట్లో మాత్రం పెట్టె అలాగే ఉండిపోయింది. రూడీ ఇరవయ్యో ఏట వియత్నాంలో పోయాడు. పోయినవాడి పెట్టె ఏ తల్లి పారేస్తుంది?

సెట్టులో అన్నిటికన్నా అరుదైనది క్లెమ్ డూడాష్ కార్డు. గొప్ప ఆటగాడని కాదు. మా ఊరివాడే, పెద్ద జట్టులో ఒక్క సీజను ఆడాడు, ఆడినన్నాళ్లూ బంతులు జారవిడిచాడు. అందుకే పిల్లలెవరూ ఆయన కార్డు దాచుకోలేదు. బట్టల క్లిప్పుతో సైకిలుకు బిగించి, చక్రం చువ్వలు తగిలేలా పెట్టి, టపటపమని మోటారుసైకిలు చప్పుడు చేసుకుంటూ తిరిగారు. అలా అన్నీ చిరిగి పోయాయి. మూలలు నలగకుండా మిగిలింది రూడీ దాచిన ఒక్కటే.

అది నలగకుండా ఉన్నంతకాలం క్లెమ్ చావడు. ఈ సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన తొంభై ఒకటో ఏట గుండె ఆగింది. డాక్టరు దుప్పటి కప్పి కాగితం మీద సంతకం పెడుతుంటే, దుప్పటి కిందనుంచి క్లెమ్ కాఫీ అడిగాడు. డాక్టరు కాగితం చింపేసి వెర్నాకు ఫోను చేశాడు.

"కార్డు ఇంకా బాగానే ఉందామ్మా?"

"నిన్న అచ్చేసినట్టుంది డాక్టరుగారూ" అంది వెర్నా, గర్వంగానే.

ఇప్పుడు క్లెమ్‌కు తొంభై ఆరు. షుగరు రెండు కాళ్లూ తీసుకుంది, చూపూ తీసుకుంది. భార్యనూ ముగ్గురు పిల్లల్నీ తనే సమాధి చేశాడు. వీపంతా పుండ్లు. అలాంటి బతుకు పగవాడిక్కూడా వద్దు.

అక్టోబరులో ఒకరోజు వృద్ధాశ్రమం నర్సు డార్లీన్ వచ్చి వెర్నా తలుపు కొట్టింది.

"పొద్దస్తమానం మూలుగుతూనే ఉన్నాడండీ. మందులు పనిచెయ్యడం మానేశాయి. ఆ కార్డు కాస్త..."

"కాస్త ఏంటి? చింపెయ్యమంటావా?"

"నేనెందుకంటాను? ఒక్కసారి వచ్చి ఆయన్ని చూడండి, చాలు."

"మా రూడీ శవపెట్టె మూసే వచ్చింది, తెలుసా? తెరవనివ్వలేదు. వాడి చెయ్యి తగిలినవి నాకు మిగిలినవి ఈ కార్డులే. అందులో ఒకటి పాడుచెయ్యమని అడగడానికి నీకు నోరెలా వచ్చింది?"

అందే గానీ, మర్నాడు తనే వెళ్లింది. గది నిండా మందుల వాసన, దానికింద పుండ్ల వాసన.

"ఎవరది, కాలీడుస్తూ? కోస్టెల్నిక్ వాళ్లమ్మాయివా?" అన్నాడు క్లెమ్.

"అవునండీ."

"ఎలా ఉన్నాను?"

"ఇక్కడ బాలేరు."

"మీ ఇంట్లో?"

"అక్కడ, కార్డు మీద, ముప్పై ఒక్క ఏళ్లు. నవ్వుతున్నారు."

"పాపిష్టి నవ్వు" అన్నాడు క్లెమ్. "ఆ రోజుల్లో వరండాలో కూర్చుంటే పిల్లలంతా నన్ను చక్రంలో పెట్టుకుని నా ముందునుంచే పోయేవాళ్లమ్మా. నా మొహం అరిగిపోతున్న చప్పుడు నాకే వినపడేది. ఒకరోజు ఒళ్లు మండి మీ అన్నమీద అరిచాను. కుర్రాడు బెదిరిపోయాడు. చక్రంలోది పీకేసి, 'ఇంట్లో కొత్తది ఇంకోటుందండీ, దాన్ని జాగ్రత్తగా దాస్తా, ఒట్టు' అన్నాడు. దాచాడు వెధవ! నేనారోజు నోరు మూసుకునుంటే ఈపాటికి హాయిగా పోయుండేవాణ్ణి."

వెర్నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు వెంటనే సిగ్గేసింది.

"చింపెయ్యమంటారా?"

"చింపకు. నాకు చెవులొక్కటే మిగిలాయి. ఆ చప్పుడు ఇంకోసారి వినిపించు. మైదానంలో నాకెవరూ చప్పట్లు కొట్టలేదమ్మాయ్. నాకు పడ్డ చప్పట్లు అవే."

మూడు రోజులు ఆమె ఆల్బమ్ ముట్టలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం నేలమాళిగలోంచి రూడీ సైకిలు పైకి లాక్కొచ్చింది. చక్రాలకు కొత్త ట్యూబులు వేయించింది. చేతులు కడుక్కోకుండానే ఆల్బమ్ తెరిచి ప్లాస్టిక్ తొడుగులోంచి క్లెమ్ కార్డు బయటికి తీసింది. వట్టి అట్టముక్క, బరువే లేదు. రూడీ ఎక్కడ పట్టుకుని ఉంటాడో అనుకుంటూ అంచు వెంట వేలు పోనిచ్చింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే బట్టల క్లిప్పు వెతికింది.

వృద్ధాశ్రమం చుట్టూ సిమెంటు బాట ఉంది. డార్లీన్ క్లెమ్ గది కిటికీ అద్దం పైకెత్తింది. వెర్నా సైకిలెక్కి, పడబోయి, నిలదొక్కుకుంది. చప్పుడు ముందు ఒక్కొక్కటిగా వచ్చింది. టప్... టప్... కాస్త వేగం అందుకున్నాక గుక్క తిప్పుకోకుండా మోగింది.

"అదేం తొక్కుడమ్మాయ్! నీకన్నా మీ అన్న నయం!" లోపల్నుంచి క్లెమ్ గొంతు.

వెర్నా పళ్లు బిగించి తొక్కింది. రెండో చుట్టుకు ఒక మూల నలిగింది. మూడో చుట్టులో క్లెమ్ ఏదో అన్నాడు, మాట తెలియలేదు. నాలుగో చుట్టులో ఏమీ అనలేదు. ఐదోసారి ఆమె కిటికీ ముందుకు వచ్చేసరికి డార్లీన్ శిలువ గుర్తు వేసుకుని, మెల్లగా కిటికీ దించేసింది.

వెర్నా చూసింది. బ్రేకు మీద వేళ్లు పెట్టింది కూడా. చిన్నప్పుడు ఆ చప్పుడు ఆగిందంటే రూడీ గుమ్మంలోకి వచ్చేశాడని అర్థం. అమ్మ వెంటనే సూపు వడ్డించేది. ఇప్పుడు ఆగితే ఎవరూ రారు.

ఆమె బ్రేకు వదిలేసి ఇంకో చుట్టు తిరిగింది.