బకెట్టుకు అంటిన నలుపు

"నా బకెట్టుకి గ్రీజు పూసిందెవరు?"

అత్తగారు పెరటి గుమ్మంలో నిలబడి అరిచిన తీరు వింటే ఇంట్లో దొంగలు పడ్డారనుకోవాలి. మేడ మీది నుంచి దిగే గొట్టం కింద ఆవిడ పెట్టుకున్న తెల్ల బకెట్టు అది. వాననీళ్ళు పట్టి బట్టలు నానబెట్టుకోవడం ఆవిడ అలవాటు. రాత్రి కురిసిన వానకు బకెట్టు నిండింది గానీ లోపల చుట్టూ జిడ్డుగా నల్లటి చార పడింది.

"ఇంకెవరు? నీ చిన్నకొడుకే," అన్నాడు పెద్దకొడుకు పేపర్లోంచి తల ఎత్తకుండా.

చిన్నకొడుకు చెప్పులేసుకుంటున్నవాడల్లా ఆగాడు. అతను కార్ల మెకానిక్కు. చేతులు ఎంత తోమినా గోళ్ళ సందుల్లో నలుపు పోదు. "అమ్మా, ఒట్టు. నీ బకెట్టు జోలికి నేను రాలేదు."

"నువ్వు ముట్టుకుంటే పాలు కూడా డీజిలైపోతాయి. నాకు తెలీదూ!"

"ఎక్కడ నలుపు కనబడినా నేనేనా? సాయంత్రం చీకటి పడితే అదీ నా పనేనా? వదినా, నువ్వైనా చెప్పు."

పెద్దకోడలు ఆఫీసుకి టిఫిను డబ్బా సర్దుకుంటోంది. ఆఫీసులో తాను చేస్తున్నదీ అచ్చం ఇదే కదా అనిపించి డబ్బా మూత వంకరగా పెట్టేసింది.

ఆమె పని నగరపాలక సంస్థలో, వాననీటి కాలువల విభాగంలో. వాన పడగానే ఊళ్ళోని దుమ్మంతా కాలువల్లోకి కొట్టుకుపోతుంది. దాన్ని అంటిపెట్టుకుని నూనె, తారు, పొగ తాలూకు విషాలు కూడా నదిలోకి పోతాయి. ఏ చోటి నుంచి ఎంత వస్తోందో కంప్యూటర్లో అంచనా కట్టే నమూనా ఒకటి తయారుచేసింది. రోడ్లకింత, మెకానిక్కు షెడ్లకింత అని వేసింది. ఇళ్ళ కప్పులకు మాత్రం సున్నా వేసింది. పైనుంచి నేరుగా పడే నీళ్ళకు మురికేముంటుంది అనుకుంది. తీరా కాలువలో కొలిస్తే నమూనా చెప్పినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ తేలింది. ఆ తేడా అంతా షెడ్ల నెత్తినే వేసింది. మరిది షెడ్డూ ఆ వరసలోనే ఉంది. రేపు రిపోర్టు ఇస్తే వాటికి తాళాలు పడతాయి. మరిదికి ఆ సంగతి చెప్పడానికి ఆమెకు ఇంకా నోరు రాలేదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. కాలువ షెడ్ల దాకా రాకముందే, ఎగువన పరీక్షకు పట్టిన నీళ్ళలోనూ అంత విషమూ ఉంది. నీళ్ళు ఎదురెక్కి పారవు కదా! సీసాలు తారుమారయ్యాయనుకుని ఆ ఫలితాన్ని అప్పుడు పక్కన పెట్టేసింది.

"ఇంకా ఏమిటమ్మా ఆలోచన?" అన్నాడు పై ఇంజనీరు, ఆఫీసులో ఆమె బల్ల దగ్గర ఆగి. "నూనె పారబోసేది వాళ్ళేనని చిన్నపిల్లలకి కూడా తెలుసు."

"ఎగువ సీసా సంగతి తేలలేదు సార్."

"తారుమారైందని మీరే అన్నారుగా!"

అన్న మాట నిజమే. కానీ సీసాల మీద చీటీలు అంటించింది తన చేతులతోనే. అప్పుడు తారుమారైందని నమ్మింది లెక్క కుదరడం కోసం. ఇప్పుడు కాలేదని నమ్మాలనిపిస్తోంది. అది మరిది కోసమేమో! ఎంత తరచి చూసుకున్నా తన మనసే తనకు అంతుబట్టలేదు.

మధ్యాహ్నం మళ్ళీ వాన దంచింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు బకెట్టు ముందు చతికిలబడి ఉంది.

"పొద్దున్నే తెల్లగా తోమానమ్మాయ్. వాడు వెళ్ళినవాడు ఇంతవరకూ రాలేదు. మరి ఇదెలా అంటింది?"

మళ్ళీ అదే నల్ల చార. కోడలు వేలితో రుద్ది వాసన చూసింది. తారు.

తడి మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళింది. కప్పు కారుతోందని ఈ వేసవిలో భర్త చవగ్గా నల్లటి తారు పూత వేయించాడు. నాలుగడుగులు వేసేసరికి అరికాళ్ళు నల్లబడ్డాయి. పిట్టగోడ మీంచి చూస్తే వీధి పొడుగునా ఒకరిని చూసి ఒకరు వేయించుకున్న నల్ల మేడలే. ఈ వీధి షెడ్లకు ఎగువన ఉంది.

తికమక తీరకపోగా రెట్టింపైంది. కాలువలోది ఈ పూతేనా? లేక పొగా, షెడ్లూ, అన్నీ కలిసా? మా ఇంటి బకెట్టు చెప్పిందంటే ఇంజనీరు నవ్వడూ? మరిదిని కాపాడుకోవడానికి వదిన కట్టిన కథ అనరూ?

భోజనాల దగ్గర పొద్దుటి తగాదా మళ్ళీ మొదలైంది.

"ఇప్పుడేమంటావ్ అన్నయ్యా? నేను షెడ్డులో ఉండగానే నా చెయ్యి ఒక్కటీ ఇంటికొచ్చిందా?"

"ఏమో, నీ చేతులు ఎంత పొడుగో!"

"రేపు నేను రిపోర్టు ఇవ్వడం లేదు," అంది ఆమె. అందరూ తలెత్తారు. షెడ్ల సంగతి, సున్నా సంగతి, ఎగువ సీసా సంగతి దాచకుండా చెప్పింది.

మరిది ముద్ద కంచంలో వదిలేశాడు. "నా షెడ్డా వదినా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పలేకపోయాను. నువ్వు నా మరిదివని రేపు ఆఫీసులో చెప్పేస్తాను. నీ షెడ్డు నీళ్ళూ, మన మేడ నీళ్ళూ, ఎగువ కాలువ నీళ్ళూ వేరేవాళ్ళ చేతే పట్టించి పరీక్ష చేయిస్తాను. ఏది తేలితే అదే రాస్తాను. నీ షెడ్డే అని తేలినా సరే."

"నా మేడేం చేసింది మధ్యలో?" అన్నాడు భర్త.

"ఏమో, నాకూ తెలీదు. అదే అని తేలితే గీకించేద్దాం."

అతను ముద్ద కలుపుతూ పైకప్పు వంక చూశాడు.

"ఆ బకెట్టు మళ్ళీ తోముకోనా మరి?" అంది అత్తగారు.

"వద్దత్తయ్యా. అలాగే ఉంచండి, ఆఫీసుకి పట్టుకెళ్తాను."