రెండో డిస్కు

తుక్కు యార్డుల్లో పడేసిన పాత సర్వర్లను తెచ్చి బతికించడం నా పని. ఆఫీసులు మూతబడ్డాక ఇనుము కింద తూకానికి అమ్మేసిన వాటిని ఏరుకొచ్చి, దుమ్ము దులిపి, ఒక్కో భాగాన్నీ పరీక్షించి, పాత యంత్రాలంటే పడిచచ్చే వాళ్ళకి అమ్ముతాను. ఇదేం పిచ్చి అని నవ్విన వాళ్ళున్నారు. నవ్వే వాళ్ళని చూస్తూ కూర్చుంటే షాపు నడవదు.

మా అన్నయ్య ఏనాడూ నా షాపు గడప తొక్కలేదు. అలాంటిది మొన్న పొద్దున్నే ఓ సర్వర్ ఆటోలో వేసుకొచ్చి దింపాడు. చూడగానే గుర్తుపట్టాను. సీసాల ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటరుగా ఉన్నప్పుడు అతని చేతికింద నడిచిన సర్వరే అది.

"యార్డులో కనబడింది. డిస్కులు చూసిపెట్టు," అన్నాడు, నా మొహం వైపు చూడకుండా.

అందులో ఐదు డిస్కులు. ఒకటి చెడిపోతే మిగతా నాలుగూ పని లాక్కొస్తాయి. చెడినదాన్ని తీసి కొత్తది పెట్టాలి. పెట్టేలోగా ఇంకోటి పోయిందో, అన్నీ పోయినట్టే. అప్పట్లో ఫ్యాక్టరీలో మూడోది చెడిపోయింది. అన్నయ్య మార్చడానికి వెళ్ళాడు, సర్వర్ మొత్తం ఆగిపోయింది. టేపు మీద కాపీ తీసే మిషను ఎప్పుడో మూలపడింది, బాగుచేయించమంటే యజమాని రేపుమాపు అంటూ గడిపేశాడు. ఆర్డర్లు, స్టాకు, అన్నీ గల్లంతు. అసలే నీరసంగా ఉన్న ఫ్యాక్టరీ ఆ దెబ్బకి తేరుకోలేక మూతబడింది.

మూడోది తీయబోయి బాగున్న రెండోదాన్ని లాగేశాడని ఊరంతా అంది. తను చెయ్యి వేసేలోగా రెండోది దానంతటదే చచ్చిందని అన్నయ్య అన్నాడు. పూర్తిగా నమ్మింది వదిన ఒక్కతే.

ఆ నమ్మకంతోనే అన్నయ్యని 'డిస్కు' అని వెక్కిరించిన వాళ్ళందర్నీ కడిగిపారేసింది. వదిన వాళ్ళ అక్క భర్త ఉద్యోగం కూడా ఆ ఫ్యాక్టరీతోనే పోయింది. ఆయన అన్నయ్యని ఒక మాట అన్నాడని సొంత అక్కతో మాటలు మానేసింది. ఆ అక్క జబ్బుచేసి పోతే చివరిచూపుకి కూడా వెళ్ళలేదు.

అంచేత నాకు కావాల్సింది ఒక్కటే. రెండో డిస్కు చచ్చి ఉండాలి.

ఏ డిస్కయినా బతకాలనే ఇన్నాళ్ళూ కోరుకున్నాను. దీన్ని మాత్రం చావమని వేడుకుంటూ కరెంటిచ్చాను. మూడోది కిర్రుమని ఆగిపోయింది. రెండోది సన్నగా తిరగడం మొదలెట్టింది. అందులోని డేటాని మొదటి నుంచి చివరిదాకా మిషనుతో చదివించాను, ఒక్క తప్పు లేదు. కేబుల్ మార్చి చదివించాను. వేడెక్కించి చదివించాను. ఏళ్ళ తరబడి యార్డులో పడున్న వస్తువు కదా, ఏదో ఒక మూల పాడై ఉండొచ్చు కదా, ముదనష్టపుది చెక్కుచెదరలేదు. అప్పుడు చచ్చిన డిస్కు ఇప్పుడిలా లేచి తిరగదు. ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

బయటికొచ్చేసరికి అన్నయ్య బెంచీ మీద కూర్చునున్నాడు. వదిన క్యారేజీ తెచ్చి పక్కనే నిలబడింది.

"పోయిందా?" వదినే అడిగింది.

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది.

"లేదు వదినా. మూడోది తప్ప అన్నీ బాగున్నాయి."

వదిన అన్నయ్య వైపు తిరిగింది. "అదేంటండీ?"

అన్నయ్య నేల చూస్తూ అన్నాడు. "లాగిన మరుక్షణమే తెలిసిపోయింది. చప్పుడు ఆగిపోయింది."

"మరి దీన్నెందుకు మోసుకొచ్చావు?" గట్టిగానే అడిగాను.

"ఇన్నేళ్ళలో అదే చచ్చిపోయి ఉంటుందేమో అనుకున్నా. పోయిందని నువ్వంటే, నేను కూడా నమ్మేవాణ్ణి."

వదిన క్యారేజీ బెంచీ మీద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"ఎవరడిగినా రెండోది పోయిందనే చెప్పమ్మా," అంది నాతో.

"వదినా, ఇంకా ఎందుకు..."

"మరి తప్పు మాదేనని పోయిన మా అక్కకి ఎక్కడికెళ్ళి చెప్పను?"

అన్నయ్య ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇన్నాళ్ళూ మీ తరఫున తెలియక చెప్పాను. ఇకమీద తెలిసి చెప్పాలి," అంది, కోపం లేకుండా. తర్వాత చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.