పేరు చెప్పని ప్రాసెసర్

ప్రొద్దుటూరు గాంధీ రోడ్డులో మందుల షాపు మేడమీద గదిలో కమాల్ బాషా కంప్యూటర్లు బిగించి అమ్మేవాడు. 1998లో ఊళ్లో ఆ పని తెలిసినవాళ్లు తక్కువ. మంచిపేరు నిలబెట్టుకుంటే తిండికి లోటుండదని అతని నమ్మకం. అందుకే జమ్మలమడుగు నుంచి లీలమ్మ మేడమ్ ఫోన్ చేసి, "బాషా, నువ్విచ్చిన కంప్యూటర్‌ను ఒకసారి వచ్చి చూసి పో" అన్నప్పుడు, ఆ గొంతులోని పొడితనానికే ఏదో తేడా వచ్చిందని అతనికి అర్థమైంది.

లీలమ్మ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. బాషా వెళ్లేసరికి కంప్యూటర్ ముందే కూర్చుని ఉంది. ఏదో పత్రికతో వచ్చిన సీడీ నుంచి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిందట. మళ్లీ ఆన్ చేసింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బిరబిరా పరుగెత్తి ఆగాయి. వాటిని వెనక్కి తిప్పి ఒక వరుస మీద వేలు పెట్టింది.

"సిస్టమ్ లేసేటప్పుడు కెర్నల్ అనే మూల ప్రోగ్రాము ముందు ప్రాసెసర్ ఏదో, దానికి ఏమేం చేతనవునో కనుక్కుంటాది. ఏమని చెప్తాందో చదువు."

486 అని ఉంది. బాషా అమ్మింది దానికంటే ఒక తరం కొత్తదైన 586.

"అట్లెట్లయితాది మేడమ్? డబ్బా మీద రాసింది మీకు చూపిచ్చినా గదా!"

"డబ్బా మీద ఏమన్నా రాసుకోవచ్చు. కెర్నల్‌కు నీ మీద ఏం పగ?"

బాషా మూత విప్పి, ఫ్యాను తీసి, ప్రాసెసర్ మీది అచ్చు చదివాడు. సరిగ్గానే ఉంది. కానీ పాతవాటి మీది పేరు గీకేసి కొత్త పేరు అచ్చేస్తారని అతనూ విన్నాడు. అచ్చును నమ్మాలా, తెరను నమ్మాలా?

ఎస్టీడీ బూత్ నుంచి, ప్రాసెసర్లు పంపే మద్రాసు డీలరుకు ఫోన్ చేస్తే, "మాకొచ్చిందే మీకు పంపాం. మీ దగ్గరే ఏమైనా మారిందేమో చూసుకోండి" అన్నాడు. ఆ మాట బాషాకు ముల్లులా దిగబడింది. రిపేరుకు వచ్చిన పాతవి కూడా అతను కంప్యూటర్లు బిగించే బల్ల మీదే పడి ఉంటాయి. తొందరలో తనే ఒకదానికి బదులు ఇంకొకటి బిగించాడా? అది బిగించిన రోజును ఎంత తలచుకున్నా జ్ఞాపకం రాలేదు. తాను మోసపోయాడో, మోసం చేశాడో అతనికే తెలియకుండా పోయింది.

ఈలోగా లీలమ్మ కాలేజీ స్టాఫ్ రూంలో సంగతి పాకింది. కంప్యూటర్ కావాలన్న లెక్చరర్లు ఇద్దరు వద్దని కబురు పెట్టారు.

అప్పుడు బాషాకు పులివెందుల ఆదినారాయణ గుర్తొచ్చాడు. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఆయనకూ అదే సరుకులోని ప్రాసెసర్ బిగించిన కంప్యూటర్ ఒకటి ఇచ్చి ఉన్నాడు.

"సీడీ తీసుకోని మీరూ రండి మేడమ్. నేను దొంగనైతే ఆడ కూడా దొంగనే కావాల గదా" అన్నాడు లీలమ్మతో.

ఆమె కాదనలేదు. ఆమె కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ముద్దనూరు మీదుగా బస్సులో పోయారు. దారి పొడుగునా ఇద్దరూ ముక్తసరిగానే మాట్లాడుకున్నారు.

ఆదినారాయణ కంప్యూటర్‌లో సీడీ పెట్టారు. అక్షరాలు పరుగెత్తి ఆగాయి. 586.

లీలమ్మ బాషా వైపు తిరిగింది. "అంటే ఆయప్పకు మంచిది ఇచ్చి, నాకు పాతది అంటగట్టినావు."

 నిర్దోషిననిపించుకోవాలని వచ్చి బాషా తనే ఉచ్చులో తల పెట్టినట్టయింది. ఏం చేస్తున్నాడో సరిగ్గా తెలియకుండానే స్క్రూడ్రైవర్ తీసి రెండు కంప్యూటర్లూ విప్పాడు. దాని ప్రాసెసర్ దీనికి, దీని ప్రాసెసర్ దానికి బిగించాడు.

ఆదినారాయణ కంప్యూటర్‌లో లీలమ్మది 586 అయింది. లీలమ్మ కంప్యూటర్‌లో ఆదినారాయణది 486 అయిపోయింది.

"ఏందప్పా ఇది? కూచున్న కుర్చీని బట్టి పేరు మార్చుకుంటాందే!" అన్నాడు ఆదినారాయణ.

 ప్రాసెసర్లు రెండూ ఒకటే. తేడా ఉన్నది వాటిని బిగించే మదర్‌బోర్డుల్లోనే. ఒక రకం అయిపోతే బాషా ఇంకో రకం తెప్పించాడు. కానీ బోర్డు మారితే ప్రాసెసర్ తరం ఎట్లా మారుతుంది?

లీలమ్మ సీడీలోనే ఉన్న కెర్నల్ ప్రోగ్రాము తెరిచి చదవసాగింది. తెచ్చిన టీ చల్లారిపోయింది. చాలాసేపటికి తలెత్తింది.

"కెర్నల్ ప్రాసెసర్‌ను నువ్వెవరు అని అడగబోయే ముందు, ఆ ప్రశ్న దానికి తెలుసునా అని చూస్తాంది. లోపల ఒక బిట్టును, చిన్న స్విచ్చి లాంటిదాన్ని, తిప్పుతాంది. తిరిగితే తెలుసునని. తిరగకుంటే తెలీదని, అట్లాంటివన్నీ పాతవే గాబట్టి 486 అని ఖాయం చేసుకుంటాంది. ఈ ప్రాసెసర్‌కు జవాబు తెలుసు బాషా. కరెంటు వచ్చినప్పుడు ఆ జవాబిచ్చే సదుపాయం మూసి ఉన్నట్టుండాది. ఈయప్ప బోర్డు దాన్ని ముందే తెరుస్తాంది, నా బోర్డు తెరవడంలా. అంతే అనుకుంటా."

"తెలిసి కూడా ఎందుకు మూసిపెట్టినారు మేడమ్?"

"అది యాడా రాయలేదు. నాకూ తెలీదు."

సీడీ బయటికి తీస్తూ, "నిన్ను శానా మాటలన్నాను" అంది. బాషా తలూపాడు. సంతోషించాలో, ఏడవాలో తెలియలేదు.

మరునాడే లీలమ్మ స్టాఫ్ రూంలో ఉన్నదున్నట్టు చెప్పింది. లెక్చరర్లలో ఒకాయన నమ్మి మళ్లీ ఆర్డరిచ్చాడు. రెండో ఆయన నవ్వి, "ఏదో రాజీ పడినట్టుండారే" అన్నాడు. ఆ నవ్వు సంగతి బాషా చెవిన కూడా పడింది. ప్రాసెసర్‌ది తప్పనడానికి లేదు, అది ఉన్నట్టే ఉంది. కెర్నల్‌దీ కాదు, తనకు తెలిసినట్టే అడిగింది. మేడమ్ కళ్లతో చూసిందే నమ్మింది. మరి తన పేరుకు మచ్చ ఎవరు పెట్టినట్టు? ఎంత ఆలోచించినా అతనికి తేలలేదు.

ఆ తర్వాత ఎవరు కొనడానికి వచ్చినా బాషా ముందే చెప్పేవాడు: "ఇది ఒక్కోసారి తన్ను తాను పాతదని చెప్పుకుంటాది సార్. కానీ కొత్తదే."

కొందరు కూర్చుని ఎందుకని అడిగేవాళ్లు. కొందరు లేచి చెప్పులేసుకునేవాళ్లు.